ఆముదపు గింజ చెప్పని మాట

ఆ సాయంత్రం చిట్టి ట్రేలో ఉన్న స్లయిడ్లలో ఒక్కటంటే ఒక్కటి చూసి లేచిపోయింది. ఏళ్ళ తరబడి ఆ మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్న మనిషి అంతకుముందెన్నడూ అలా చెయ్యలేదు. కాని ఆ ఒక్క స్లయిడు మీద ఉన్నది వాళ్ళ వదిన మాయ, ఐదో నెలలో బిడ్డతోపాటు బయటికొచ్చేసిన మాయ.

చిట్టి అన్నది ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. ముప్పై దాటినా అది ఆమెను వదల్లేదు సరికదా, అన్నం డబ్బాలాగా ల్యాబుదాకా వెంట వచ్చింది. అక్కడ ఆమె పని కణాల మీద చక్కెరలు వెతకడం. చక్కెరంటే టీలో కలుపుకునేది కాదు. ఒంట్లో ప్రతి కణం మీదా లేతాకు మీది నూగులాగా రకరకాల చక్కెరలు మొలిచి ఉంటాయి. వాటిని కంటితో చూడలేం. ఆముదపు గింజలో ఒక ప్రోటీను ఉంది, లెక్టిన్ అంటారు. దానికి ఆ చక్కెరల్లో ఒక్క రకమంటేనే ప్రాణం. ఆ చక్కెర ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి అతుక్కుంటుంది, మరోదాన్ని ముట్టదు. అయితే అది అతుక్కున్నట్టు మనకెలా తెలియాలి? అందుకని దానికి ఒక ఎంజైమును తగిలిస్తారు. పైన రంగుమందు పోస్తే ఆ ఎంజైము ఉన్నచోటల్లా గోధుమరంగు తేలుతుంది. వాళ్ళన్నయ్య ఒకసారి ఇదేం పనే అని అడిగితే చిట్టి ఇలా చెప్పింది: ఒక్క రకం గడ్డే మేసే ఆవు ఉందనుకో, పొదల్లోకి వెళ్తే కనబడదు. మెడలో గంట కట్టామనుకో, ఎక్కడ మోగితే ఆ గడ్డి అక్కడున్నట్టు. లెక్టిన్ ఆవు, ఎంజైము గంట. అన్నయ్య చాలాసేపు ఆలోచించి, ఆవుని కాయడానికేనా నిన్ను అంత చదివించింది అన్నాడు.

కడుపు నిలవనివాళ్ళ మాయల మీద ఆ చక్కెర తగ్గుతుందా లేదా అన్నది ఆ ల్యాబుని నడిపే మేడం పట్టుకున్న ప్రశ్న. ఆసుపత్రి నుంచి మాయ ముక్కలు వస్తాయి, ఇచ్చినవాళ్ళ ఒప్పుకోలుతోనే. పేరుండదు, నంబరు మాత్రం ఉంటుంది. ఏ ముక్క ఎవరిదో చదివేవాళ్ళకి తెలియకూడదన్నది అక్కడి నియమం. తెలిసిందా, తెలిసిందని చెప్పి తప్పుకోవాలి. కన్ను తనకు కావలసిందే చూస్తుంది కనుక ఆ కట్టుబాటు. చిట్టికి తెలిసింది. వదిన ఆసుపత్రిలో ఉన్న రోజు పెట్టెలో వచ్చింది ఒకే ఒక ముక్క, దాన్ని అందుకున్నదీ తనే. మేడంతో రేపు చెబుదాం అనుకుంది. రేపటికి రూపు లేదంటారు.

ఇంట్లో సంగతి వేరే. వదినకి అలా కావడానికి ముందురోజు ఆమె స్టూలెక్కి హాల్లో కర్టెన్లు దించింది. కర్టెన్లు దించితే కడుపు పోదమ్మా అని డాక్టరు స్పష్టంగానే చెప్పింది. మరి ఎందుకు పోయినట్టు అంటే మాత్రం, చాలాసార్లు మాకూ తెలీదు అంది. ఆ తెలీదన్న మాట దగ్గరే అందరి చెవులూ మూసుకుపోయాయి. కారణం లేని దుఃఖాన్ని ఏ ఇల్లూ ఎక్కువ కాలం మొయ్యలేదు, ఏదో ఒక కొక్కేనికి తగిలించాల్సిందే. చిట్టి వాళ్ళమ్మ మనసు మంచిదే, నోటికే తలుపు లేదు. "స్టూలెక్కొద్దని నేను చెప్పలేదా?" అంది. ఒక్కసారే అంది. కొన్ని మాటలు ఒక్కసారి చాలు.

ఆనాటి నుంచి వదిన ఆ ఇంట్లో చుట్టంలా మసలింది. ఆమెది కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అమర్చే ఉద్యోగం. పొద్దున్నే వెళ్ళేది, వచ్చాక గదిలోకి పోయేది, పిలిస్తే ఆకలి లేదనేది. అత్తగారు గిన్నెలతో మాట్లాడేది. చిట్టి అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. నడుమ ఆగిపోయిన లిఫ్టులో ఉన్నవాళ్ళకి బయటినుంచి ధైర్యం చెప్పడంలో అతనికి మంచి పేరుంది. ఇంట్లో తనే అమ్మకీ భార్యకీ మధ్య ఇరుక్కుంటే ఏ బటన్ నొక్కాలో అతనికి తెలియలేదు.

స్లయిడ్లకి రంగు పెట్టాల్సిన రోజు మధ్యాహ్నం అతను ల్యాబుకి ఫోన్ చేశాడు. వదిన బట్టలు సర్దుకుంటోందట. పుట్టింటికి వెళ్ళిపోతుందట, ఎప్పుడొస్తావంటే చెప్పడం లేదట. చిట్టి ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. స్లయిడ్లు అప్పటికే సగం పనిలో ఉన్నాయి, ఆరిపోతే పాడవుతాయి. పక్కన యాంటీబాడీ గదిలో పనిచేసే అక్క ఆమె ముఖం చూసి, నువ్వెళ్ళు, ఇక్కడ మిగిలిన రెండు పనులూ నేను కానిస్తాను అంది. మంచి మనిషి, పనితనం ఉన్న మనిషి. చిట్టి తిరిగొచ్చేసరికి అన్నీ పోసి, మూతపెట్టి, గడియారం కూడా పెట్టి ఉంచింది. చిట్టి కడిగి, రంగుమందు పోసింది. మామూలుగా అయితే అప్పుడు ఆమె కళ్ళు ట్రే చివర ఉన్న కంట్రోలు స్లయిడు మీద ఉంటాయి. అది నిండు నెలలు నిలిచిన ఒక కాన్పు తాలూకు మాయ, ప్రతిసారీ గోధుమరంగు ఎక్కి తీరాల్సినది. అదెక్కితేనే ఆ రోజు పని నమ్మదగ్గ పని. ఆ సాయంత్రం ఆమె చూపు ఒక్క నంబరు మీదే ఉండిపోయింది.

మైక్రోస్కోపు కింద అంతా నీలం. కణాల గుర్తు తెలియడానికి వేసే నీలిరంగు తప్ప గోధుమ జాడ లేదు. చక్కెర లేదు. స్టూలు కాదు, కర్టెన్లు కాదు, ఎవరూ కాదు. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు, జవాబు లేని ఆ ఇంటికి ఆముదపు గింజ ఇచ్చిన ఆ ఒక్క జవాబూ కొండంత అనిపించింది. మిగతా స్లయిడ్లు పెట్టెలో పెట్టేసి ఇంటికి పరుగెత్తింది.

సగం సర్దిన సూట్‌కేసు పక్కన మంచం మీద కూర్చుని చెప్పింది. ఇది మాయలోనే మొదటినుంచీ ఉన్న లోపమనీ, నువ్వు పడుకునే ఉన్నా ఇలాగే అయ్యేదనీ, నా కళ్ళతో నేను చూశాననీ. వదిన ఆమెనే చూస్తూ వింది. గడపలో నిలబడి అమ్మ కూడా వింది. అన్నయ్య వచ్చి సూట్‌కేసు మంచం కిందికి తోశాడు. వదిన అడ్డుచెప్పలేదు.

మర్నాడు పొద్దున్న అత్తగారు స్వయంగా టీ పట్టుకెళ్ళి కోడలి చేతికిచ్చింది. చక్కెర తక్కువైందన్న మాట ఆమె చెవిలో ఎలా పడిందో గాని, అందులో నాలుగు చెంచాల పంచదార ఉంది. ఆ చక్కెర వేరు ఈ చక్కెర వేరు అని చిట్టి ఎంత చెప్పినా, నీకు తెలిసింది నువ్వు చెయ్యి, నాకు తెలిసింది నన్ను చెయ్యనీ అంది. మెట్ల మీద కనబడిన ప్రతివాళ్ళకీ, పాపం మా కోడలి తప్పేం లేదు, మా చిట్టి మిషన్లో చూసి మరీ చెప్పింది అని చాటింది. ఆడపడుచు అర్ధమొగుడంటారు గాని మా చిట్టి అలాంటిది కాదు అని ముక్తాయింపు కూడా ఇచ్చింది. ఇల్లు మళ్ళీ ఇల్లయింది. ఎన్నాళ్ళుగానో మిగిలిపోయిన సెలవు పెట్టి చిట్టి ఆ వారమంతా ఇంట్లోనే ఉంది. వదిన మాత్రం పెద్దగా మాట్లాడేది కాదు. టీ తాగేది, అందరితో కూర్చుని తినేది, పిలిస్తే పలికేది. అది నెమ్మది అనుకుంది చిట్టి.

సెలవు అయ్యాక ల్యాబుకొచ్చి మిగతా స్లయిడ్లు చదవడానికి కూర్చుంది. మొదటిది నీలం. రెండోదీ నీలమే. మూడోదీ అంతే. ఇక వరసలో చూడకుండా చివరిదైన కంట్రోలు స్లయిడు తీసి పెట్టింది. అది కూడా వర్షం వెలిసిన ఆకాశంలా నీలంగా, శుభ్రంగా ఉంది.

అంటే ఆ రోజు ఆవు అసలు మందలోంచి కదల్లేదు.

యాంటీబాడీ గదికి వెళ్ళి, ఆ రోజు ఏం పోశావక్కా అని అడిగింది. ఆ అక్కకి ప్రశ్నే అర్థం కాలేదు. ఎప్పుడూ పోసేదే పోశాను, పాలపొడి కలిపిన నీళ్ళు, నీ లెక్టిన్ కూడా అందులోనే కలిపాను అంది. వాళ్ళ గదిలో అదే పద్ధతి. యాంటీబాడీ కనబడ్డచోటల్లా అంటుకోకుండా పాలు అడ్డుపడతాయి. ఏళ్ళుగా అలాగే చేస్తారు, అది సరైనదే. కాని పాలలో ఉన్నదీ ఆ ఆముదపు లెక్టిన్ వెతుక్కునే చక్కెరే. గడప దాటకముందే దాని నోటినిండా మేత కుక్కితే ఇక చేలోకి ఎందుకు వెళ్తుంది? సంగతి తెలిసి అక్క కుర్చీలో కూలబడింది. తర్వాత్తర్వాత ల్యాబులో అందరూ ఆమెని పాలక్క అన్నారు, ఆమె కూడా నవ్వేది. ఆ రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

మేడం అంతా విన్నారు. పాల సంగతికి ఆమె కోప్పడలేదు. అది జరిగే తప్పే, కంట్రోలు స్లయిడు ఉన్నది దాన్ని పట్టుకోవడానికే అన్నారు. ఆ తర్వాత అడిగారు.

"చదివింది ఎవరికన్నా చెప్పావా?"

"మా వదినకి చెప్పాను మేడం. ఆ నంబరు మా వదినదే."

మేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. తిట్టి ఉంటే చిట్టికి కాస్త తేలిగ్గా ఉండేది. మేడం, మాయ ముక్కల్ని పొదిగి దాచిన అవే మైనపు దిమ్మల నుంచి కొత్త ముక్కలు కోయిస్తాననీ, రంగు పెట్టేది అక్క, చదివేది తానేననీ, చిట్టి ఆ గది దరిదాపులకి రాకూడదనీ చెప్పారు. అలాగే చేశారు. ఈసారి కంట్రోలు స్లయిడు చక్కగా గోధుమరంగు ఎక్కింది. వదిన స్లయిడూ ఎక్కింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, అందరిలాగే.

"అంటే ఏంటి మేడం?" అని అడిగింది చిట్టి, జవాబు తెలిసి కూడా.

"అంటే ఆమెకి ఎందుకలా జరిగిందో మనకి తెలీదని. వందమందిని చూస్తే మంద గురించి ఒక మాట చెప్పగలం. ఒక్క మనిషికి జవాబు చెప్పే పని కాదిది. నీకిది తెలుసు."

తెలుసు. తెలిసే చేసింది.

ముందు అన్నయ్యకి చెప్పింది, వీధి చివర నిలబెట్టి. అతను పనిముట్ల సంచి కింద పెట్టి తల గోక్కున్నాడు. చెప్పొద్దన్నాడు. అబద్ధమో పొరపాటో, దానివల్ల ఇల్లు నిలబడింది, ఇప్పుడు నువ్వు నిజం చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తావు, అమ్మ మళ్ళీ స్టూలు దగ్గరికే పోతుంది అన్నాడు. అతనన్న దాంట్లో వంకపెట్టడానికేం లేదు. ఇంటిదాకా నడిచేలోపు చిట్టి మనసు కూడా అటే ఒరిగింది. మేడం పుస్తకాల్లో తప్పు సరిదిద్దేశారు. ఇంట్లో తప్పు ఎవరికీ హాని చెయ్యడం లేదు. కడుపులో పెట్టుకుని కూర్చుంటే పోయేదేముంది?

వంటింట్లో వదిన ఒక్కతే ఉంది, గిన్నెలు తుడుస్తోంది. చిట్టి గుడ్డ తీసుకుని పక్కన చేరింది. కాసేపయ్యాక వదిన తలెత్తకుండానే అడిగింది, ఆ చక్కెర మందులతో వస్తుందా అని. రాదు అని అలవాటుగా అనేసింది చిట్టి. అలాంటి మందు లేదు.

"అయితే మళ్ళీ కడుపొచ్చినా అంతేగా."

చిట్టి పళ్ళెం పక్కన పెట్టేసింది.

"మీ అన్నయ్యకి చెప్పేశాను, ఇంక మనకి పిల్లలొద్దని" అంది వదిన. "నువ్వు మంచికే చెప్పావు, కాదనను. కానీ చిట్టీ, స్టూలైతే ఇంకోసారి ఎక్కకుండా ఉండేదాన్ని. ఒంట్లోనే లేనిదాన్ని ఎక్కణ్ణించి తేను?"

వారం రోజులుగా తను నెమ్మది అనుకున్నది ఏమిటో చిట్టికి అప్పుడు తెలిసింది. అత్తగారి నోట వచ్చిన నింద బయటిది, దానిమీద కోపం తెచ్చుకోవచ్చు, పెట్టె సర్దుకోవచ్చు. తను తెచ్చిచ్చింది లోపలికి దిగిపోయింది. దానినుంచి ఏ పుట్టింటికీ పోలేదు మనిషి. అన్నయ్యకి ఈ మాట తెలుసు, తెలిసి కూడా తనకి చెప్పలేదన్నది ఆ తర్వాత తట్టింది.

చెప్పేసింది. ఫోను, పాలపొడి, చూడకుండా వదిలేసిన చివరి స్లయిడు, అన్నీ. నీ స్లయిడు అందరిలాగే గోధుమరంగు ఎక్కిందనీ, అందులో ఏ లోపమూ కనబడలేదనీ చెప్పింది. వదిన తుడుస్తున్న గిన్నె బోర్లించి, చేతులు గుడ్డకి ఒత్తుకుని, చాలా మెల్లగా అంది.

"అన్నీ చూడకుండానే వచ్చి నా దగ్గర కూర్చున్నావా?"

"అవును వదినా."

"దుకాణంలో నేను ఒక కన్ను చూసి రెండో కంటికి అద్దం పెట్టను చిట్టీ."

వదిన కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అవి కోపానివో, ఊరటవో, రెండూనో.

వెనక అలికిడైంది. అమ్మ ఎప్పుడొచ్చిందో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. అయితే ఎందుకు పోయినట్టు అని అడిగింది. తెలీదమ్మా అంది చిట్టి. ఇంత చదివీ తెలీదా అంది. ఇంత చదివీ తెలీదు అంది చిట్టి. అమ్మ మళ్ళీ స్టూలు మాట ఎత్తుతుందనే అనుకుంది. అమ్మ ఏదో అనబోయి, పీట లాక్కుని కూర్చుంది. ఆ నోరు అంతసేపు మూసి ఉండటం చిట్టి ఎరగదు.

"ఆ కర్టెన్లు నల్లబడిపోయాయని పొద్దున్నించీ సణిగింది నేను" అంది చివరికి, నేలతో చెబుతున్నట్టు. "స్టూలెక్కొద్దన్నానా లేదా నాకే సరిగ్గా గుర్తులేదు."

ఆ నీలిరంగు స్లయిడు విడిపించింది కోడల్ని కాదు, అత్తని. అందుకే ఆ టీలో అంత పంచదార. కర్టెన్లకీ దీనికీ సంబంధం లేదు, డాక్టరు మొదటే చెప్పింది అని చిట్టి గుర్తు చేసింది. ఆ మాట ఈసారి ఇద్దరికీ వినబడినట్టే ఉంది. ఎంతవరకు దిగిందో చెప్పడం కష్టం. అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడవలేదు. వదిన వెళ్ళి మంచం కింద సూట్‌కేసు బయటికి తీసింది. కొన్నాళ్ళు మా అమ్మ దగ్గర ఉండి వస్తానంది. వస్తాను అన్న మాట ఈసారి ఆమే అంది, ఎవరూ అడక్కుండా. అత్తగారు సరేనని చీరలు మడతపెట్టి ఇచ్చింది.

వెళ్ళేముందు వదిన ఒక కోరిక కోరింది. దాన్ని ఒకసారి చూడాలంది.

చిట్టి మేడంని అడిగింది, ఒప్పుకోరనే అనుకుంటూ. మేడం కొంచెంసేపు ఆలోచించి, దాన్నిబట్టి ఆమెకి జవాబు చెప్పకూడదనే కదా నియమం, చూడకూడదని ఎక్కడా లేదు, ఆమె ఇచ్చిందే కదా అన్నారు. చిట్టి మాత్రం స్లయిడు ముట్టుకోకూడదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళే వేళకి వదిన వచ్చింది. పాలక్క స్టూలు తుడిచి వేసి, ఏం మాట్లాడాలో తెలియక నీళ్ళ సీసా తెచ్చిపెట్టి వెళ్ళిపోయింది. మేడం స్వయంగా స్లయిడు అమర్చారు. వదిన వంగి కళ్ళు ఆనించి, ఎవరూ చెప్పకుండానే చక్రం తిప్పి చూపు సరిచేసుకుంది. చిట్టి గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె చూస్తున్నదేమిటో చిట్టికి కళ్ళు మూసుకున్నా తెలుసు. నీలంగా, చేతివేళ్ళలాగా విచ్చుకున్న కొమ్మలూ, ఒక్కో కొమ్మ చుట్టూ సన్నటి గోధుమరంగు అంచూ.

"ఈ అంచేనా?" అంది వదిన.

"అదే" అన్నారు మేడం. "ఆ చక్కెర ఉన్నది అక్కడే."

"ఇది నా ఒళ్ళేనాండీ?"

మేడం చిట్టి వైపు ఒకసారి చూసి, వంగి ఆమె భుజం దగ్గరగా చెప్పారు.

"కాదమ్మా. మాయలో ఆ వేళ్ళూ ఆ అంచూ బిడ్డవైపువి. నీ ఒంటిని పట్టుకోడానికి బిడ్డ చాపినవి."

చిట్టి ఈ సంగతి చదువుకుంది, పరీక్షలో రాసింది, వచ్చినవాళ్ళకి బొమ్మ గీసి చెప్పింది. ఇంటికి పరుగెత్తిన ఆ సాయంత్రం మాత్రం దీన్ని వదినతో అనాలని తోచలేదు. జవాబు మొయ్యడంలో పడి, చూపించాల్సింది మరిచిపోయింది.

వదిన కళ్ళు తియ్యలేదు. కిందనున్న పలకని అటు కొంచెం ఇటు కొంచెం జరుపుతూ, ఒక్కో కొమ్మ చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తోంది. వరండాలో ఎవరో నవ్వుకుంటూ వస్తుంటే పాలక్క వాళ్ళని అటునుంచి అటే పంపేసింది. మేడం గడియారం చూసుకోలేదు.

చాలాసేపటికి వదిన అడిగింది.

"ఈ రంగు ఎన్నాళ్ళుంటుందండీ?"

"పోదు. మనందరికంటే ఎక్కువ కాలమే ఉంటుంది."

"పారెయ్యకండి."

"పారెయ్యం" అన్నారు మేడం.

వదిన తలూపి, చెంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ వంగింది.